ఒక్కమాట గుట్ట మీద రాలని పువ్వు

పూర్వం, నల్లమలకు దక్షిణాన, వానచినుకు కోసం ఆకాశాన్ని బతిమాలుకునే రాతిసీమలో, ఓబుళనాయుడనే పాళెగాడు ధర్మం తప్పకుండా, అలాగని ఏ విషయంలోనూ తొందరపడకుండా పరిపాలన సాగిస్తున్న కాలంలో, ఊటగుట్ట అనే చిన్న పర్వతం మీద శ్రీ లక్ష్మీనరసింహస్వామి స్వయంభువుగా వెలసి భక్తజనులను అనుగ్రహిస్తూ ఉండేవాడు. స్వామివారి పాదపీఠం కింద బండచీలికలోంచి జలధార ఒకటి పుట్టి, గుడి వెలుపలి రాతితొట్టిలో నిండి, పొర్లి, గుట్ట కిందికి పారేది. ఎంతటి కరువులోనూ ఆ ధార సన్నగిల్లలేదని పెద్దలు చెబుతారు. ఆ గుట్టను ఇప్పుడెవరూ ఊటగుట్ట అనరు, ఒక్కమాట గుట్ట అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆనాటి పెద్దమనుషుల తెలివితేటలు కూడా చెప్పుకోవలసి వస్తుంది, వాటిని తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. అయినా స్థలమహిమ గనుక సగం చెప్పి సగం మింగడానికి వీల్లేదు.

ఆ స్వామికి పుష్పకైంకర్యం చేసే చాత్తాద వైష్ణవుల ఇంటి కోడలు పెరిందేవమ్మ. పదహారో ఏట భర్త పోగా, పిల్లాజెల్లా లేని ఆ ఇల్లాలు అత్తమామల నుంచి పూలబుట్టను, అరటినారను, గుట్ట కిందనున్న చిన్న పూలతోటను అందుకొని, నలభై ఏళ్లపాటు ఒక్క పూట కూడా తప్పకుండా స్వామికి మాలలు కట్టింది. ఆమె భక్తి మెత్తనిది కాదు. స్తోత్రాలు రావు, కన్నులు అరమోడ్చి పరవశించడం అసలే రాదు. ఎండాకాలంలో గర్భాలయంలో గాలి ఆడడం లేదని అర్చకుడితో పోట్లాడేది, నైవేద్యం చల్లారిందని వంటవాణ్ణి కడిగిపారేసేది, మొగ్గను పురుగు కొడితే ఆ పురుగుకు కూడా నాలుగు చీవాట్లు పెట్టేది. స్వామి గర్భగుడిలో నిజంగానే ఉన్నాడని, వింటాడని, చూస్తాడని, ఆకలిదప్పులు ఎరిగినవాడని ఆమె విశ్వాసం. ఊళ్లో అందరూ ఆ మాటే అనేవారు గాని, ఆమె దాన్ని అక్షరాలా నమ్మింది. ఊరికి వచ్చిన తంటా అంతా అక్కడే వచ్చింది.

పూలతోట కంచెకు అవతల, వాగు ఒడ్డున తోలుపని చేసే కుటుంబాల వాడ ఒకటి ఉండేది. స్వామి వేటకు వెళ్లేటప్పుడు తొడుక్కుంటాడని చెప్పే పాదరక్షలను ఏటేటా వాళ్లే కుట్టి గుట్ట మొదట్లోని బండ మీద ఉంచాలి, గుడి నగారాకు తోలు వాళ్లే బిగించాలి. వాళ్లు కుట్టిన చెప్పులు గుట్ట ఎక్కవచ్చు, వాళ్లు బిగించిన తోలు గుడిలోకి పోవచ్చు, వాళ్ల చేతులు మాత్రం రాతితొట్టిలో కడవ ముంచరాదు. ఈ కట్టడి ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదు గనుకనే అది శాస్త్రమై కూర్చుంది. తొట్టి పొర్లిన నీరు రాతికాలువ వెంట పెరిందేవమ్మ తోటలోకి పారేది, ఆ కాలువ కూడా స్వామిదే గనుక దాని మీదా అదే కట్టడి. వాడవాళ్లు వాగు ఇసుకలో చెలమలు తోడుకొని, ఊరిన నీటిని ముంత ముంతగా వడగట్టుకొని తాగేవారు.

ఇలా ఉండగా వరుసగా మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. వాగు ఎండింది, చెలమలు ఎంత లోతు తవ్వినా బురద తప్ప నీరు ఊరలేదు, ఊరిన కాసింత నీటికీ ఉప్పు తిరిగింది, అది తాగిన పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. స్వామి పాదరక్షలు కుట్టే ఇంటి ఆడమనిషి ఎర్రక్కకు నాగి అని అయిదేళ్ల కూతురు. ఆ పిల్ల నెల రోజులుగా మంచం దిగలేదు. ఒకనాటి ఉదయం పెరిందేవమ్మ గన్నేరు పాదుల్లోకి నీరు మళ్లిస్తుండగా, ఎర్రక్క కంచె అవతల నిలబడి ఆ నీటినే చూస్తూ అంది.

"అమ్మా, వచ్చే జన్మలోనన్నా మా నాగిని మీ తోటలో గన్నేరు చెట్టుగా పుట్టియ్యమని సామికి చెప్పమ్మా. ఈ జన్మలో దానికి నీళ్లు దక్కేట్టు లేవు."

"పొద్దున్నే ఏం మాటలే అవి, పో, పని చేసుకోనీ," అని పెరిందేవమ్మ కసిరింది. కసిరి ఇంటికి వచ్చి మాల కట్టడానికి కూర్చుంటే ముడులు నిలవలేదు. నలభై ఏళ్లుగా తాను చెట్లకు నీళ్లు పోస్తుండగా కంచె అవతల మనుషులు ఇసుక తోడుకుంటున్నారు. కళ్లెదుట ఉన్నది ఇన్నేళ్లూ కనబడకపోవడమేమిటని ఆమెకు మొట్టమొదట తన మీదే చిరాకు పుట్టింది. ఆ సాయంత్రమే రెండు కడవలు నింపి కంచె మీదుగా అందించింది. మర్నాడు కాలువ పొడవునా కావలివాళ్లు నిలబడ్డారు.

పెరిందేవమ్మ నేరుగా గుడి ముందరి మండపంలో కొలువుదీరిన పెద్దల సభకు పోయి నిలబడింది. ఆ నీరు స్వామి పాదాల కింద పుట్టినదని, అది ఎవరికి పోవాలో చెప్పవలసినవాడు స్వామియే గాని మధ్యలో మనమెవరమని, దాహంతో ఉన్న బిడ్డను గుట్ట కింద పెట్టుకొని స్వామికి మూడు పూటలా అభిషేకం చేస్తే ఆ నీళ్లు ఆయనకు ఒంటికి పడతాయా అని నిలదీసింది. అప్పుడు కరణం సూరప్ప లేచాడు. సూరప్ప సకల శాస్త్రాలు చదివినవాడు, ఏ పనినైనా ఎవరూ కాదనకుండానే కాకుండా చేయగల సమర్థుడు. స్వామివారి సొత్తు విషయం గనుక స్వామివారినే అడుగుదామని, పూలు పెట్టి అడగడం అనాదిగా వస్తున్న ఆచారమే కదా అని ఆయన అనగానే సభ యావత్తూ తలలూపింది. స్వామి కూడా తమవంటి పెద్దమనిషే అని వారందరి నమ్మకం.

పూలు అడగడమంటే ఆ సీమలో పెళ్లికీ, విత్తనానికీ, దూరప్రయాణానికీ అందరూ అడిగేదే. అర్చకుడు రెండు పూలను తడిపి, చందనం అద్ది, ఒకటి స్వామి కుడి భుజానికి, ఒకటి ఎడమ భుజానికి అంటించి ప్రశ్న చెబుతాడు. కుడి పువ్వు ముందు రాలితే సరేనని, ఎడమ పువ్వు ముందు రాలితే వద్దని స్వామి ఆనతి. ఆ శనివారం ఉదయం అర్చకుడు సింగరాచార్యులు పూలు అంటించి, వాడవాళ్లు తొట్టిలో నీళ్లు ముంచుకోవచ్చునా అని విన్నవించి, హారతి ఇంకా సగం తిప్పకముందే కుడి పువ్వు టప్పున రాలి స్వామి అరచేతిలో పడింది. చూసినవాళ్లందరూ గోవిందా అన్నారు. పెరిందేవమ్మ కూడా గట్టిగా అని, ఎర్రక్కను పిలుచుకొని రావడానికి కొంగు బిగించి బయలుదేరింది.

సూరప్ప గొంతు సవరించుకున్నాడు. స్వామి సరే అన్నాడు, సంతోషమే; అయితే 'తొట్టిలో నీళ్లు' అని అడిగాం గాని ఏ తొట్టి అని అడగలేదు, పశువుల తొట్టి కూడా తొట్టియే కదా, తొందరపడి తప్పుగా ఆచరిస్తే దైవాపచారం కాదా అన్నాడు. సభకు ఆ సందేహం ఎంతో సబబుగా తోచింది. మళ్లీ శనివారం దాకా ఆగారు, రాతితొట్టి అని పేరు పెట్టి అడిగారు, కుడి పువ్వే రాలింది. ఈసారి నక్షత్రం మంచిది కాదన్నారు. మూడో వారం మంచి నక్షత్రం చూసి అడిగారు, కుడి పువ్వే రాలింది. చందనం కుడివైపు పలచబడి ఉంటుందని మరొకాయన కనిపెట్టాడు. నాలుగో వారం ఊరి పెద్దలు ముగ్గురు దగ్గరుండి రెండువైపులా చందనం సమానంగా అద్దించారు, కుడి పువ్వు వాళ్ల ముక్కుల ముందే రాలింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని సామెత గాని, ఇక్కడ దేవుడూ ఇచ్చాడు, పూజారీ అడ్డం చెప్పలేదు, వచ్చిన వరాన్ని పుచ్చుకోవడానికి ఊరివాళ్లకే మనసు రాలేదు. వినేవాళ్లకు విసుగ్గా ఉండవచ్చు. పెరిందేవమ్మకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించుకోండి. ప్రతి శనివారం ఆమె తన చేత్తోనే రెండు పూలు ఏరి ఇచ్చేది, ప్రతి శనివారం కంచె దగ్గరకు పోయి ఎర్రక్కకు వచ్చే వారమని చెప్పేది.

నాలుగో వారం సాయంకాలం ఆమె పాళెగాడి కోటకు పోయింది. ఓబుళనాయుడు మంచివాడు, ఎవరినీ నొప్పించనివాడు, గోడ మీద పిల్లి ఆయన దగ్గర చదువుకోవచ్చు. అవ్వను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, చెప్పిందంతా సావధానంగా విన్నాడు.

"నువ్వు చెప్పేది న్యాయమే అవ్వా, నేను కాదంటినా? అయితే నలుగురూ ఒప్పుకోవాల గదా. నలుగురిని కాదని నేనెట్ల పోయేది?"

"నలుగురిని అడగాల్నని ఉంటే సామిని ఎందుకు అడిగినారు దొరా? సామిని అడిగినంక మళ్లా నలుగురెందుకు?"

"అది నిజమేలే. ఇంగొక్క వారం చూద్దాం. అన్నీ కుదురుకుంటాయి."

ఆమె మజ్జిగ ముట్టకుండా లేచి వచ్చింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉందని దారిపొడవునా గొణుక్కుంది, ఆ వాన కూడా కురవకపాయెనని మళ్లీ తనే విసుక్కుంది.

అయిదో శనివారం పూలు అడగడానికి ముందు సూరప్ప ప్రశ్నను తిరగరాయించాడు. ముంచుకోవచ్చునా అనడం కంటే ముంచుకోకుండా ఉండనక్కరలేదా అనడం శాస్త్రసమ్మతమని ఆయన వాదన. కుడి పువ్వు రాలితే దీనికి అవుననాలా కాదనాలా అని పండితులు మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఆ వాదం నడుస్తుండగానే వాడలో నాగి చనిపోయింది. పెరిందేవమ్మ పోయేసరికి పిల్లను చాపలో చుట్టారు. ఎర్రక్క ఇంటి ముందు అరుగు మీద కూర్చొని ఖాళీ ముంతను ఒళ్లో పెట్టుకొని ఉంది. పెరిందేవమ్మ మాట్లాడదామని నోరు తెరిచింది, వచ్చే వారం అనే మాట తప్ప మరేమీ నోటికి రాలేదు, దాన్ని మింగి తిరిగి వచ్చింది.

అయిదో శనివారమూ, ఆరో శనివారమూ కూడా కుడి పువ్వే రాలిందని వేరే చెప్పనక్కరలేదు. ఇక సాకులు దొరకక, ఏడవసారి అడిగేదే కడసారి అని, దానికి అందరూ కట్టుబడాలని సభలో తీర్మానించారు. పెరిందేవమ్మ దీనికి కూడా ఒప్పుకుంది. ఆ కడసారికి ముందునాడు సూరప్ప అర్చకుణ్ణి తన ఇంటికి పిలిపించుకున్నాడు. సింగరాచార్యుల మాన్యం పత్రాలు కరణం పెట్టెలో ఉన్నాయి. పాపభీతి ఉన్న మనిషే గాని పత్రభీతి అంతకంటే ఎక్కువ. ఫలితంగా ఏడో శనివారం కుడి భుజం మీద పువ్వు చందనంతో గాక తుమ్మబంకతో అంటుకుంది, ఎడమ భుజం మీద పువ్వును చందనమూ తడీ లేకుండా ఊరికే ఆనించారు. ఊపిరి తగిలినా ఎడమ పువ్వు జారిపడాలి, పిడుగు పడినా కుడి పువ్వు కదలరాదు. ఆరుసార్లు తిన్నగా చెప్పిన స్వామి చేత ఏడోసారి అబద్ధం చెప్పించడానికి ఇంత పెద్ద చదువు ఖర్చయింది.

ప్రశ్న విన్నవించారు, హారతి ఇచ్చారు. ఏ పువ్వూ రాలలేదు. నగారా మోగించారు, గంటలన్నీ కొట్టారు. ఏ పువ్వూ రాలలేదు. నున్నటి నల్లరాతి భుజం మీద, పట్టూ ఆసరా ఏదీ లేని ఎడమ పువ్వు అంటించిన దానికంటే గట్టిగా నిలబడి ఉంది. సూరప్ప స్వామికి ఉక్కగా ఉందని చెప్పి తానే వింజామర అందుకొని గడప బయటి నుంచి ఎడమ భుజం వైపుగా విసిరాడు, విసిరీ విసిరీ చేతులు నొప్పి పుట్టి మరొకరికి ఇచ్చాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. స్వామి మౌనం వహించాడంటే వద్దన్నట్టేనని సభలో ఒకరు అన్నారు, అవునవునని పదిమంది అందుకున్నారు.

పెరిందేవమ్మ గర్భాలయం గడప దగ్గరికి పోయి నిదానంగా చూసింది. నలభై ఏళ్లు పూలతో బతికిన మనిషికి ఏ పువ్వు ఎలా కూర్చున్నదీ ఒకరు చెప్పాలా? కుడి పువ్వు తొడిమ కింద బంక తళుక్కుమంటోంది, ఎడమ పువ్వు కింద చందనం మచ్చ కూడా లేదు. అర్చకుడు ఆమె చూపు తప్పించుకున్నాడు. అప్పుడు ఆమెకు కరణం మీద వచ్చిన కోపం కంటే తన మీద తనకు వచ్చిన కోపమే పెద్దదైంది. స్వామి ఇచ్చిన మాట వినబడింది మొదటి శనివారమే. విన్నదాన్ని మళ్లీ మళ్లీ విందామని పూలబుట్ట పట్టుకొని కూర్చున్నది తానే.

"సామీ," అంది ఆమె, అందరికీ వినబడేట్టుగానే. "ఆరుమార్లు చెప్పినావు. నీకు విసుగూ యాష్టా రాలేదేమో గాని నాకు వచ్చింది. ఇంగ నువ్వు చెప్పొద్దు. చెప్పినా ఈడ కూర్చుని వినేదానికి నాకు తీరిక లేదు, నాకు పనుంది."

ఆమె వెనుదిరగగానే సూరప్ప దారికి అడ్డం వచ్చాడు. "అమ్మా, తొట్టి దగ్గరికి వాళ్లను తెచ్చినావంటే రేపటి నుంచి నీ చేతి మాల సామి మెడలో పడదు. బాగా ఆలోచించుకో," అన్నాడు.

పెరిందేవమ్మ ఆగింది. ఆమెకు తలదాచుకునే ఇల్లుంది, రెండు పూటలా తిండి ఉంది; ఆ రెండూ తప్ప ఆమె జీవితంలో ఉన్నదంతా ఆ మాలయే. మొగుడు పోయిన ఇంట్లో తెల్లవారుజామున లేవడానికి కారణం అది, ఎండలో వానలో గుట్ట ఎక్కడానికి కారణం అది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కరణం ముందు అవి తిరిగినందుకు మరింత చిరాకుపడి కొంగుతో గట్టిగా తుడుచుకుంది. నడుముకు చుట్టుకున్న అరటినార విప్పి గడప మీద పెట్టింది.

"నా మాల లేకుంటే సామి మెడ బోసిపోతుంది, అంతే. నీళ్లు లేకుంటే ఆడ పానాలు పోతాండాయి. ఈ రెండిట్లో సామికి ఏది కావాల్నో నాకు తెలుసు, నీకూ తెలుసు సూరప్పా. తెలిసే బంక ఉడకబెట్టినావు."

ఆమె గుట్ట దిగి వాడలోకి పోయేసరికి ఎర్రక్క అదే అరుగు మీద ఉంది. కడవ తీసుకొని రమ్మంటే తలెత్తి చూసింది. "ఇప్పుడెందుకమ్మా నాకు నీళ్లు? తాగాల్సింది పాయె," అంది. పెరిందేవమ్మ ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

"నిజమేనే ఎర్రక్కా. తప్పు నాది. మొదటి పువ్వు రాలిన పొద్దే కడవ ఎత్తుకోవాల్సింది, ఎత్తుకోలేదు. ఏడు వారాలు వాళ్లతోపాటు నేనూ కూర్చున్నా. ఈ వాడలో ఇంగా ముప్పై మంది పిల్లోళ్లున్నారు. నన్ను తిడితే దారెంబడి తిట్టుకుంటా రా. లేయ్."

ఎర్రక్క ముంత పక్కన పెట్టి లోపలికి పోయి కడవ తెచ్చింది. ఆమెను చూసి పక్కింటి ఆడవాళ్లు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు కడవలు ఎత్తుకున్నారు. పెరిందేవమ్మ ఎర్రక్క చేయి పట్టుకొని ముందు నడిచింది.

గుట్ట మెట్ల మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఆపండి ఆపండి అని సూరప్ప పైనుంచి అరుస్తున్నాడు. ఎవరు ఆపుతారు? ఆపాలంటే ముట్టుకోవాలి, ముట్టుకుంటే మైలపడాలి. పోనీ పెరిందేవమ్మనైనా పట్టుకుందామంటే ఆమె చేయి ఎర్రక్క చేతిలో ఉంది, ఆమెను ముట్టుకున్నా అదే మైల. తరతరాలుగా వాడవాళ్లు ఎదురైతే ఎలా పక్కకు తప్పుకున్నారో ఆనాడూ అలాగే, కొంగులూ ఉత్తరీయాలూ తగలకుండా ఒళ్లు దగ్గరికి తీసుకొని, మెట్లకు రెండువైపులా ఒదిగి నిలబడ్డారు. వాడవాళ్లను దూరంగా ఉంచడానికి పెట్టుకున్న ఆచారమే వాళ్లకు దారి విడిచింది. దూరం జరగండి అని ఒకరినొకరు హెచ్చరించుకుంటూ మరీ విడిచారు.

తొట్టి ముందు ఎర్రక్క తన కడవను పెరిందేవమ్మ వైపు చాచింది. నువ్వు ముంచి ఇయ్యమ్మా అని ఆమె అంటే పెరిందేవమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను ముంచితే మళ్లా నా దయ అవుతుంది. సామి నిన్ను ముంచుకోమన్నాడు, నువ్వే ముంచుకో." ఎర్రక్క కళ్లు మూసుకొని కడవ వంచింది. కడవలోకి నీళ్లు బుడబుడమని దిగిన ఆ క్షణానే గర్భాలయంలోంచి పెద్ద కేక వినబడింది. సింగరాచార్యులు ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొని వచ్చి, తొట్టి ముందు సాష్టాంగపడ్డాడు. ఆయన అరచేతిలో కుడి పువ్వు ఉంది, దానికి బంక ఉంది, ఆ బంకకు స్వామి భుజం నుంచి ఊడివచ్చిన ఆవగింజంత నల్లరాయి అంటుకొని ఉంది.

"నేనే పెట్టినానమ్మా బంక. ఈ పాపిష్టి చేతుల్తోనే పెట్టినా. బంకతో సహా రాల్చుకున్నాడు తండ్రి," అని ఆయన పదిమందిలోనూ ఏడ్చాడు. కడసారి పూలు చూడడానికి వచ్చి ఉన్న ఓబుళనాయుడు అది విని, జీవితంలో మొదటిసారి ఎవరినీ సంప్రదించకుండా, ఆ తొట్టి ఆనాటి నుంచి దాహం ఉన్నవాళ్లందరిదీ అని అక్కడికక్కడే ఆనతి ఇచ్చాడు. ఆ మాట మొదటి శనివారమే అని ఉంటే ఎంత బాగుండేదో ఆయనకు ఎవరూ చెప్పలేదు, పెరిందేవమ్మ ఒక్కతే చెప్పింది.

అంతటితో కథ ముగిసిందనుకుంటే సూరప్పను మీరు సరిగా అర్థం చేసుకోనట్టే. ఎడమ పువ్వు ఇంకా రాలలేదు గనుక ప్రశ్న పూర్తి కాలేదని, స్వామి ఆలోచిస్తున్నాడని ఆయన పట్టుబట్టాడు. రాలిస్తే పోదా అని అర్చకుడు ఆ పువ్వును పట్టి లాగితే అది రాలేదు. తడిమి చూస్తే రేకులతో సహా రాయి అయి స్వామి భుజంలో కలిసిపోయి ఉంది. వద్దు అనే మాటను ఈ స్వామి ఇక ఎన్నటికీ అనడన్నమాట. ఆనాటి నుంచి ఆయన ఒక్కమాట నరసింహుడయ్యాడు, గుట్ట ఒక్కమాట గుట్ట అయింది. ఆ గుడిలో పూలు అడిగే ఆచారం కూడా ఆనాటితోనే నిలిచిపోయింది. సూరప్ప మాత్రం బతికినన్నాళ్లూ ప్రతి శనివారం వచ్చి ఎడమ భుజం చూసి పోయేవాడు. ఇప్పటికీ నరసింహ జయంతి నాడు ఆ వంశస్థులు వచ్చి, గడప ముందు నిలబడి చూసి, ఇంకా రాలలేదని మూడుసార్లు బిగ్గరగా చెప్పి, వాడ ఆడపడుచు తొట్టిలోంచి ముంచి పోసిన నీళ్లు దోసిట పట్టి తాగి పోవాలి. ఎండాకాలం గనుక రెండో దోసిలి కూడా అడుగుతారు.

పెరిందేవమ్మను మళ్లీ మాల కట్టమని అర్చకుడు, పాళెగాడు, చివరికి సూరప్ప కూడా వచ్చి అడిగారు. మహాభక్తురాలివని, నీ వల్లనే స్వామి మహిమ లోకానికి తెలిసిందని పొగిడారు. ఆమె వాళ్లను కసిరింది. స్వామి మొదటి శనివారం చెప్పిన మాటకూ ఎర్రక్క కడవ మునిగిన క్షణానికీ మధ్య వాడలో తొమ్మిది మంది పిల్లలు పోయారని, వాళ్లు స్వామి వద్దనడం వల్ల పోలేదని, సరేనన్న తర్వాత పోయారని, అందులో తన పాలు తనకుందని, ఇంకెప్పుడూ తన ముందు మహిమ అనే మాట ఎత్తవద్దని చెప్పింది. అయితే మాలలు కట్టింది. కట్టిన మొదటి ఉదయం పెద్ద మాలతో పాటు చిన్నవి తొమ్మిది కట్టి, గుడిలోకి పోకుండా ముందు తొట్టి దగ్గరికి పోయి, వాటిని గట్టు మీద వరుసగా పెట్టింది. ఎర్రక్క వచ్చి ఒక్కొక్క దానికీ ఒక్కొక్క పేరు చెప్పింది.

నేటికీ ఆ గుట్ట ఎక్కినవారికి తొట్టి గట్టు మీద ఆ తొమ్మిది చిన్న మాలలు కనబడతాయి. తీసి స్వామికి వేయబోయే యాత్రికులను అక్కడి ఆడవాళ్లు వారిస్తారు. పేర్లు అడిగితే చెబుతారు, తొమ్మిదీ చెబుతారు, తడుముకోరు. అవి పెట్టడం ఆలస్యమైన రోజున అర్చకుడు ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్దమనిషి దర్శనానికి వచ్చి నిలబడినా, స్వామి మెడ బోసిగానే ఉంటుంది.